దిండు ఎటుంటే బడి అటు

ఏప్రిల్ 4

ఈరోజు ఒక గదినిండా మనుషులు నాకోసం చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్ళుగా పరుపుల కొట్టు నడుపుతున్నాను, ఎంత మెత్తటి పరుపు అమ్మినా ఎవరూ చప్పట్లు కొట్టిన పాపాన పోలేదు. మనిషికి గుర్తింపు రావాలంటే ప్రజాసేవలోనే రావాలి. అందుకే రాసిపెట్టుకుంటున్నాను.

స్కూలు కమిటీ మీటింగు. మా ఊళ్ళో ప్రభుత్వ బడులు రెండు. కొత్త బడిలో ల్యాబు, లైబ్రరీ, ఆటస్థలం ఉన్నాయి కాబట్టి అందరూ దాని మీదే ఎగబడతారు. రెండోది గోదాం బడి. గేటు మీద ఎవరో మహానుభావుడి పేరు ఉంది గానీ, ఒకప్పుడు ధాన్యం నిలవచేసిన చోటు కాబట్టి ఊరంతా గోదాం బడి అనే అంటారు. రెండు బడులూ సమానమే. ప్రతి మీటింగు మినిట్సులోనూ మొదటి వాక్యం ఇదే. కార్యదర్శిని కాబట్టి రాసేది నేనే.

కొత్త బడి చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళకే అందులో సీటు అన్నది పాత రూలు. దాంతో మేనమామ ఇల్లనీ బాబాయి ఇల్లనీ దొంగ చిరునామాలు పుట్టుకొచ్చాయి. బడి ఎదురుగా ఉన్న టీ కొట్టు చిరునామా మీద పోయినేడు ఒక తరగతికి సరిపడా పిల్లలు చేరారు. టీ కొట్టాయనకి ఇంకా పెళ్ళే కాలేదు.

అందరూ తలలు పట్టుకుని కూర్చుంటే నేను లేచాను. "ఇల్లంటే ఏమిటండీ? మనిషి తల వాల్చే చోటు. పిల్లలు పడుకున్నప్పుడు దిండు ఎక్కడుంటే వాళ్ళ ఇల్లు అక్కడే. ఊరికి మధ్యలో ఒక గీత గీద్దాం. దిండు గీతకి ఎటుంటే బడి అటు."

అప్పుడే ఆ చప్పట్లు. మా ప్రెసిడెంటు గారు రిటైరైన పళ్ళ డాక్టరు. "ఎన్నో పళ్ళు పీకాను గానీ, ఇంత నొప్పి లేకుండా సమస్యని పీకినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నానయ్యా!" అన్నారు.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. ఆవిడ గోదాం బడిలోనే లెక్కల టీచరు. దిద్దుతున్న పేపర్ల మీంచి తలెత్తకుండా, "దిండు లేకుండా పడుకునే పిల్లలు ఏ బడికి వెళ్ళాలి?" అంది.

"రూలు అర్థం కాకపోతే అడుగు. వెటకారం ఎందుకు?" అన్నాను.

"అడిగానుగా," అంది.

ఏప్రిల్ 11

చిన్న దిండ్లు తెగ పోతున్నాయి. వ్యాపారం పెంచుకోవడానికే ఆ రూలు పెట్టానని ఎవరో అన్నారట. నోటికి అడ్డూ అదుపూ ఉండక్కర్లేదా? ఆ ఆలోచనే నాకు రాలేదు. మరో రెండు బస్తాల దూదికి ఆర్డరు పెట్టాను.

ఏప్రిల్ 19

సర్వేయరు గీత గీసి పటం తెచ్చాడు. పెన్సిలైతే చెరిగిపోతుందని లావుపాటి స్కెచ్ పెన్నుతో గీశాడు. కమిటీ అంతా పటం మీద వంగి ఎవరిళ్ళు వాళ్ళు వెతుక్కున్నారు. నాకు మా వీధే కనబడలేదు.

"మా వీధి ఏదండీ?"

"ఉందండీ," అన్నాడు సర్వేయరు. "సిరా కింద ఉంది."

"అయితే మా ఇల్లు ఏ బడికి?"

"గీత లోపలి ఇళ్ళ సంగతి రూల్లో రాయలేదండీ." ఆ రూలు రాసింది ఎవరో ఆయనకి బాగా తెలుసు.

గంటసేపు చర్చించి, సిరాకి సరిగ్గా నడిమధ్యనున్నదే అసలు గీత అని తీర్మానించాం. సాయంత్రం సర్వేయరు టేపూ సుద్దముక్కా పట్టుకుని మా ఇంటికొచ్చాడు. వీధి గుమ్మంలో మొదలుపెట్టి, చెప్పులు విప్పి మరీ, హాలు మధ్యలోంచి పెరటి గోడ దాకా తెల్లటి గీత గీసుకుంటూ పోయాడు. వంటిల్లు కొత్త బడికి వచ్చింది. పడగ్గదులు రెండూ గోదాం బడికి పోయాయి. భోజనాల బల్ల దగ్గర నేను కొత్త బడి వైపు, మా ఆవిడ గోదాం బడి వైపు.

మా అత్తయ్య మాతోనే ఉంటుంది. ఆవిడ మంచం వంటింట్లో కిటికీ కింద. గీతని ఇటునుంచి అటూ అటునుంచి ఇటూ చూసి, "అంటే నా తల కొత్త బడిలో ఉందన్నమాట. నన్ను చేర్చుకుంటారా అల్లుడుగారూ? ఏనాడూ బడి మొహం చూళ్ళేదు," అంది.

అమ్మడు పకపకా నవ్వింది. మా అమ్మాయి. ఐదు పాసై, ఈ వేసవి సెలవుల తర్వాత ఆరులోకి వెళ్ళాలి. పడుకునేది పడగ్గదిలో.

ఏప్రిల్ 20

రెండు బడులూ సమానమే.

ఏప్రిల్ 21

అమ్మడి మంచం వంటింట్లోకి మార్చాను. అక్కడ గాలి బాగా వస్తుంది.

"ఇల్లు కట్టినప్పట్నుంచీ రాని గాలి ఈరోజే వచ్చిందా?" అంది మా ఆవిడ.

"ఎండలు ముదురుతున్నాయి కదా."

"నా బడిలో మన పిల్లని చేర్పించడం ఇష్టం లేదని ఒక్క మాట చెప్పండి. నేనేమీ అనుకోను. అక్కడ ఏముందో ఏం లేదో మీకంటే నాకే బాగా తెలుసు."

"అక్కడికీ ఇక్కడికీ తేడా ఏముంది? గాలి కోసం మార్చానంటే నమ్మవేం?"

మా ఆవిడ పేపర్ల కట్ట ముందుకి లాక్కుని దిద్దడం మొదలుపెట్టింది. వాదనలో నాదే పైచేయి అయినా సంతోషంగా లేదు.

ఏప్రిల్ 26

అమ్మడు నిద్రలో తిరుగుతుంది. ఈ సంగతి ఇన్నాళ్ళూ మేం పట్టించుకోలేదు. ఐదు రోజులుగా పొద్దున్నే లేచి చూస్తున్నాను. రెండుసార్లు కాళ్ళు గ్యాసు బండ దగ్గరున్నాయి, తల గుమ్మం దాటి హాల్లోకి పోయింది, అదీ సుద్దగీతకి అవతల. కిందపడ్డా నిద్రలేవని పిల్ల. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?

వడ్రంగికి చెప్పి నాలుగు వైపులా చెక్కలు ఉండే మంచం చేయించాను. నేను దాన్ని భద్రమంచం అంటున్నాను. అమ్మడు పెట్టె అంటోంది. పొద్దున్న అందులోంచి తల బయటికి పెట్టి, "నాన్నా, కొత్త బడిలో కూడా పిల్లల్ని ఇలాగే పెడతారా?" అని అడిగింది.

మే 1

కొత్త బడిలో ఆరో తరగతి నిండిపోయిందట. ఒక్క సీటూ లేదట. గీత మీద ఇళ్ళవాళ్ళని ఆఖర్న పిలుస్తారట, అది కూడా ఖాళీ ఉంటేనే. ఈ మాట విన్నప్పట్నుంచీ అన్నం సహించడం లేదు. ఎండల వల్ల అయ్యుంటుంది.

మే 6

ఈరోజు మీటింగులో నా వృత్తి జ్ఞానం కమిటీకి ఉపయోగపడింది.

మా పక్కింట్లో ఇస్త్రీ ఆయన ఉంటాడు. ఒక్కటే గది. గది మొత్తం గీతకి కొత్త బడి వైపే పడింది, అదృష్టం అంటే అదీ. వాళ్ళమ్మాయి మా అమ్మడికి జత, ఇద్దరూ కలిసే ఐదు పాసయ్యారు. ఆ పిల్లకి సీటు కూడా ఖాయమైంది. తనిఖీకి వెళ్ళిన సర్వేయరు మాత్రం ఇంట్లో దిండే కనబడలేదని రాసుకొచ్చాడు.

ఇస్త్రీ ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "దుప్పటి మడిచి తల కింద పెట్టుకుంటుందండీ. బాగా మడుస్తుంది. మా ఇంట్లో అందరం అంతే. అది దిండు కాదా అండీ?"

దిండంటే ఏమిటని కమిటీ రెండు గంటలు తర్జనభర్జన పడింది. ఆఖరికి ప్రెసిడెంటు గారు నా వైపు తిరిగి, "ఇందులో ఆరితేరినవారు మీరుండగా మాకెందుకీ తలనొప్పి? చెప్పండి," అన్నారు.

ఉన్నదున్నట్టు చెప్పాను. దిండు అంటే లోపల దూదో స్పాంజో ఏదో ఒకటి కూరి ఉండాలి. మడిచినది దుప్పటే అవుతుంది. వ్యాపారంలో ఎవర్నడిగినా ఇదే చెబుతారు.

దిండు లేదు కాబట్టి ఆ పిల్ల నివాసం తేలలేదు. నివాసం తేలనివాళ్ళని ప్రస్తుతానికి గోదాం బడిలో చేర్చాలని తీర్మానించాం. కొత్త బడిలో ఒక సీటు ఖాళీ అయింది.

దానికీ దీనికీ సంబంధం లేదు.

మే 7

"కొట్టునిండా దిండ్లున్నాయి. ఒకటి తీసుకెళ్ళి ఆ పిల్లకి ఇస్తే సరిపోయేది కదండీ," అంది మా ఆవిడ.

"దరఖాస్తుల గడువు దాటాక ఇస్తే పక్షపాతం అవుతుంది."

"గడువుకి ముందు?"

గడువుకి ముందు నాకు తోచలేదు. నిజంగానే తోచలేదు.

మే 10

నా మీదే ఫిర్యాదు! పడగ్గదులున్న ఇంట్లో పిల్లని వంటింట్లో పడుకోబెడుతున్నానని ఎవరో కమిటీకి చెప్పారు. తనిఖీకి వస్తారట. రాత్రిపూట రావడానికి కమిటీకి రూళ్ళు ఒప్పుకోవు. కాబట్టి పధ్నాలుగో తేదీ పొద్దున పదకొండు గంటలకి అమ్మడు నిద్రపోవాలి.

మే 14

పదకొండు కొట్టేసరికి దిగారు. ప్రెసిడెంటు గారు, సర్వేయరు, ఇద్దరు మెంబర్లు. కిందే కూర్చుంటామన్నారు గానీ, నా పరువేం కాను? కొట్లోంచి నాలుగు పరుపులు తెప్పించి హాల్లో వేయించాను, గోడకి ఆనుకోవడానికి దిండ్లతో సహా. మొదటి రకం సరుకు.

అమ్మడు పెట్టెలో, అదే, భద్రమంచంలో పడుకుని గట్టిగా కళ్ళు మూసుకుంది. తల వంటింటి వైపే ఉంది. అందరూ ఊపిరి బిగబట్టి చూశారు.

కాసేపయ్యాక ప్రెసిడెంటు గారు మెల్లగా, "నిద్రపోయావా తల్లీ?" అని అడిగారు.

"పోయానండీ," అంది అమ్మడు.

సర్వేయరు రాసుకున్నాడు. ఒక మెంబరు మాత్రం ఒప్పుకోలేదు. మాట్లాడితే నిద్ర కాదన్నాడు. మాట్లాడకపోతే నిద్రో కాదో ఎలా తెలుస్తుందని ఇంకో మెంబరు. సరే, చూద్దాం అన్నారు. ఫ్యాను తిరుగుతోంది, పరుపు మెత్తగా ఉంది, అత్తయ్య ఇచ్చిన మజ్జిగ కడుపులో చల్లగా ఉంది. ముందు ప్రెసిడెంటు గారి గురక మొదలైంది. ఆ వెనకే మెంబర్లిద్దరూ ఒరిగారు. సర్వేయరు కాసేపు పోరాడి కూర్చున్నవాడు కూర్చున్నట్టే తల వాల్చేశాడు.

మా ఆవిడ పొద్దున్నే బజారుకి వెళ్ళిపోయింది. మెలకువగా ఉన్నది నేనూ, అత్తయ్యా, అమ్మడూ. నలుగురి తలలూ గీతకి గోదాం బడి వైపే ఉన్నాయి. అత్తయ్య ఒక్కొక్కరినీ వేలుతో చూపించి, "ఈయన్ని ఏ తరగతిలో వేస్తారు అల్లుడుగారూ? పళ్ళ డాక్టరు కదా, తిన్నగా ఎనిమిదిలో వెయ్యచ్చు," అంది.

ఒంటిగంటకి లేచారు. ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు. ప్రెసిడెంటు గారు చొక్కా సర్దుకుని, "సంతృప్తికరం," అన్నారు. అదే రాశారు. వెళ్తూ వెళ్తూ తను పడుకున్న పరుపు ఏ కంపెనీదో అడిగారు.

మే 15

అమ్మడికి కొత్త బడిలో సీటు వచ్చింది!

నక్క తోక తొక్కినట్టయింది. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే," అంది అత్తయ్య. ఆ మాట అనాల్సిన సందర్భం కాదు ఇది. అంతా రూలు ప్రకారమే జరిగింది.

అమ్మడు, "మరి అది?" అంది. అది అంటే పక్కింటి పిల్ల.

"తను ఇంకో బడి. రెండూ సమానమే."

"అయితే సరే," అని ఆ మాట చెప్పడానికి పక్కింటికి పరిగెత్తింది. నేను ఆపేలోపే వెళ్ళిపోయింది.

మే 27

రాయాలని లేదు. రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

సీట్ల విషయంలో అభ్యంతరాలు వినడానికి ఈరోజు బహిరంగ సభ. హాలు కిటకిటలాడింది. ఇస్త్రీ ఆయన వచ్చాడు. ఇస్త్రీ చెయ్యని చొక్కా వేసుకొచ్చాడు, పనిలోంచి తిన్నగా వచ్చినట్టున్నాడు.

"నేను గొడవకి రాలేదండీ. మా పాప మొన్న ఇంటికొచ్చి ఒక మాట చెప్పింది, పరుపుల బాబుగారు అన్నారట. అందుకని వచ్చాను. రెండు బడులూ ఒకటేనా కాదా, అది చెప్పండి చాలు."

అందరూ నా వైపు చూశారు. మినిట్సు పుస్తకం నా ముందుంది. మొదటి వాక్యం అప్పటికే రాసేశాను.

"సమానమే," అన్నాను. ఆయన ప్రశ్న పూర్తయ్యిందో లేదో, నా నోరు తనంతట తానే అనేసింది. అలవాటైపోయిన మాట.

"మరింకేమండీ!" ఆయన మొహం విచ్చుకుంది. వెటకారం కాదు, నిజంగానే సంతోషించాడు. "అయితే మీ పాపని అక్కడ వెయ్యండి, మా పాపని ఇక్కడ వెయ్యండి. పిల్లల లెక్క తప్పదు. సమానమే కాబట్టి మీకు పోయేదేమీ లేదు. మా దానికి ఆ ల్యాబు చూడాలని ఒకటే ఆశ అండీ."

ప్రెసిడెంటు గారు పటం చూస్తున్నారు. సర్వేయరు సుద్దముక్క చూస్తున్నాడు. నేను మినిట్సు పుస్తకం చూశాను. కుదరదు అనాలంటే ఎందుకు కుదరదో చెప్పాలి. అక్కడ కిటికీలకి అద్దాల్లేవని, వానొస్తే రేకులు కారతాయని, ల్యాబు అని బోర్డున్న గదిలో విరిగిన బెంచీలుంటాయని, సైన్సు టీచరు వెళ్ళిపోయాక మళ్ళీ ఎవరూ రాలేదని మా ఆవిడ ఇంట్లో చెప్పిన ప్రతి మాటా అక్కడ నేనే చెప్పాలి. అవన్నీ తెలిసి ఇన్నాళ్ళూ ఏం చేశారని ఎవరో ఒకరు అడుగుతారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"తేడా ఏమీ లేదు," అన్నాను. "మార్చుకోవచ్చు."

చప్పట్లు కొట్టారు. ఏప్రిల్లో కంటే ఎక్కువగానే కొట్టారు.

మే 28

మా ఆవిడ పొద్దున్నుంచీ ఇల్లు సర్దుతూనే ఉంది. సాయంత్రం మాట్లాడింది.

"నిజం చెప్పి ఉంటే పిల్లకి సీటైనా మిగిలేది. అబద్ధం కోసం పిల్లనే వదులుకున్న తండ్రిని మిమ్మల్నే చూశాను."

"ఆ సీటు మనది కాదు," అన్నాను. దిండు అంటే ఏమిటో ఆ రోజు చెబుతున్నప్పుడే ఆ సంగతి నాకు తెలుసు.

ఆవిడ తలెత్తి నా వైపు చూసింది. ఇవాళ పొద్దున్నుంచీ ఆపుకున్న ఏడుపు నాకు అప్పుడు వచ్చింది. కూతుర్ని గోదాం బడికి పంపుతున్నందుకు ఏడ్చాను. ఆ గోదాం బడికే పొద్దున్నే తయారై వెళ్ళొచ్చే మనిషి ముందు కూర్చుని ఏడ్చాను. ఆవిడ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

మే 29

పెట్టె విప్పించేశాను. మంచం పడగ్గదిలోకి వెళ్ళింది. అత్తయ్య తడిగుడ్డతో సుద్దగీత తుడిచింది. పూర్తిగా పోలేదు.

జూన్ 5

బడులు తెరిచారు. అమ్మడు వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళింది. గేటు దాకా నేనూ వెళ్ళాను. లోపలికి వెళ్దామనుకున్నాను గానీ కొట్టు తెరవాలి కదా. ఇన్నేళ్ళుగా కమిటీలో ఉన్నాను, మా ఆవిడ మరిచిపోయిన టిఫిన్ డబ్బా ఇవ్వడానికి ఎన్నోసార్లు వచ్చాను. ఎప్పుడు వచ్చినా కొట్టు తెరిచే వేళే అవుతుంది.

జూన్ 9

అమ్మడు హాల్లో కుర్చీలు అటూ ఇటూ లాగుతూ 'జరుగుడు' అని ఏదో ఆట ఆడుతోంది. ఆడుతూనే ఎక్కాలు చదువుతోంది. బడిలో నేర్చుకుందట. గోదాం బడిలో ఆటలు లేవని ఎవరన్నారు?

జూన్ 12

కమిటీ ఈరోజు నాకు సన్మానం చేసింది. అద్దం బిగించిన పెద్ద జ్ఞాపిక. దాని మీద బంగారు రంగు అక్షరాలు: 'సమాన విద్య కోసం కన్నకూతురిని గోదాం బడిలో చేర్పించిన త్యాగమూర్తికి.'

ప్రెసిడెంటు గారు ఉపన్యాసం ఇచ్చారు. ఇంతటి త్యాగం ఈ ఊరి చరిత్రలో లేదన్నారు. తన మనవళ్ళు కొత్త బడిలో చదువుతున్నారు కాబట్టి తనకా భాగ్యం దక్కలేదని కూడా అన్నారు. కళ్ళు కూడా తుడుచుకున్నారు పాపం.

నేను జ్ఞాపిక అందుకుని కూర్చోవాలి. కూర్చోబుద్ధి కాలేదు. ఒకటికి రెండుసార్లు ఆ అక్షరాలు చదివాను.

"ఒక్క సందేహమండీ. రెండు బడులూ సమానమే అయితే ఇది త్యాగం ఎలా అవుతుంది?"

ఎవరో దగ్గారు. సర్వేయరు పటం మడతపెట్టడం మొదలుపెట్టాడు.

"మీరు మరీ లోతుకి వెళ్తున్నారండీ," అన్నారు ప్రెసిడెంటు గారు.

"వెళ్ళనులెండి. చిన్న తీర్మానం. మన మీటింగులు ఎప్పుడూ కొత్త బడిలోనే జరుగుతున్నాయి. వచ్చే మీటింగు గోదాం బడిలో పెట్టుకుందాం. ఎక్కడైనా ఒకటే కదా."

వద్దనాలని అందరికీ ఉంది. వద్దంటే ఎందుకో చెప్పాలి. ఆ అవస్థ ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి ఒక్కొక్కరి మొహమూ తీరిగ్గా చూశాను. ఏకగ్రీవంగా ఆమోదించారు.

జూన్ 13

జ్ఞాపిక ఎక్కడ పెట్టాలో తెలీలేదు. మా ఆవిడ దాన్ని పైకీ కిందకీ కొలిచి చూసి, ఆరో తరగతి కిటికీకి సరిగ్గా సరిపోతుందని సంచీలో పెట్టుకుని వెళ్ళింది. నేను కమిటీలో చేరాక ఆ బడికి మావల్ల అందిన మొదటి వస్తువు అదే.

జూన్ 24

ఎల్లుండే గోదాం బడిలో మీటింగు. వాన పడుతుందా పడదా అని రోజంతా ఆకాశం చూస్తూ కూర్చున్నాను. ఊళ్ళో అందరూ ఆరేసిన బట్టలు తడవకూడదని చూస్తుంటే, నేనొక్కణ్ణే మబ్బుల్ని బతిమాలుతున్నాను.

జూన్ 26

పడింది.

మీటింగు గోదాం బడి ఆఫీసు గదిలో. ఆఫీసంటే ఒక బల్ల, ఒక ఇనుప బీరువా, మిగిలినవన్నీ వేరే గదుల్లోంచి తెచ్చిన కుర్చీలు. మధ్యలో చెక్క అడ్డుగోడ, దాని అవతలే ఆరో తరగతి. ఆ గడప దాటడం నాకు ఇదే మొదటిసారి. ఇది ఎవరికీ చెప్పలేదు.

మినిట్సు పుస్తకం తెరిచాను. మొదటి వాక్యం రాయబోతుండగా పైన రేకుల మీద చినుకులు మొదలయ్యాయి. ఇంకో నిమిషానికి గదిలో కూడా మొదలయ్యాయి. మొదటి చుక్క ప్రెసిడెంటు గారి బట్టతల మీద పడింది. ఆయన కుర్చీ ఎడమకి లాక్కున్నారు. అక్కడా పడింది. కుడివైపు జరిగారు. అక్కడ ధారగా పడింది. మెంబర్లు లేచి గదంతా కుర్చీలు ఈడ్చుకుంటూ ఒకరినొకరు గుద్దుకుంటున్నారు. సర్వేయరు పటాన్ని చొక్కాలో దాచుకున్నాడు గానీ, స్కెచ్ పెన్ను సిరా కరిగి చొక్కాకి అంటుకుంది. ఊరిని రెండు చేసిన గీత ఆయన పొట్ట మీదికి వచ్చేసింది.

అడ్డుగోడ అవతల నుంచి మా ఆవిడ గొంతు వినిపించింది. కేక కూడా కాదు, రోజూ అనే మాటలా మామూలుగా అంది.

"జరుగుడు."

బెంచీలు ఒక్కసారి కదిలిన చప్పుడు. అంతే. ఏడో ఎక్కం మధ్యలో ఉన్నారు పిల్లలు, ఒక్క అంకె కూడా ఆగలేదు. బెంచీలు జరుగుతూనే ఉన్నాయి, ఎక్కం సాగుతూనే ఉంది. ఆ గొంతుల్లో నాకు తెలిసిన గొంతు ఒకటి ఉంది.

నేను అక్కడే నిలబడిపోయాను. ఇంట్లో కుర్చీలతో ఆడిన ఆట ఇదే.

ఎక్కం అయ్యాక అడ్డుగోడ పక్కనుంచి అమ్మడు తొంగిచూసింది. తల కొంచెం కూడా తడవలేదు. మా కమిటీ మొత్తాన్ని చూసి పాపం అనుకున్నట్టుంది.

"నాన్నా, ప్రెసిడెంటు తాతగారిని బీరువా పక్కకి జరగమను. అక్కడ కారదు. ఐదుగురు పడతారు, గోడకి అతుక్కోవాలి అంతే."

చెప్పేసి మళ్ళీ క్లాసులోకి పోయింది. బడి తెరిచి నెల కూడా కాలేదు. ఎక్కడ కారుతుందో ఎక్కడ కారదో నా కూతురికి తెలుసు.

ప్రెసిడెంటు గారూ సర్వేయరూ మెంబర్లిద్దరూ బీరువా పక్కకి జరిగి గోడకి అతుక్కున్నారు. ఐదో చోటు నాకోసం ఉంచారు. నేను వెళ్ళలేదు. బల్ల దగ్గరే కూర్చుని, పుస్తకం మీద నీళ్ళు పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని రాశాను.

"మొదటి వాక్యం చదివెయ్యండి, మొదలుపెట్టేద్దాం," అన్నారు ప్రెసిడెంటు గారు గోడ దగ్గర్నుంచి.

చదివాను. "రెండు బడులూ సమానం కావు."

ఇంకోసారి చదవమన్నారు. ఈసారి అడ్డుగోడ అవతలికి కూడా వినబడేలా చదివాను. అవతల ఎనిమిదో ఎక్కం ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మొదలైంది.

కమిటీలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. చెప్పాలంటే బీరువా పక్కనుంచి ఇవతలికి రావాలి.